ఫెర్రోప్లాస్టు పక్షపాతి

జీవపరిణామాన్ని ఆటగా మలచిన ‘థ్రైవ్’ అనే వీడియో గేమ్ ఆడేవారిలో ఫెర్రోప్లాస్టు పక్షపాతి అనదగిన జాతి ఒకటి ఉంది. దానికి సంఖ్యాబలం తక్కువే గాని కంఠబలం ఎక్కువ. ఏకకణజీవిగా మొదలై, కణంలో తలా ఒక పని చేసే భాగాలను, అనగా కణాంగాలను, ఒక్కొక్కటిగా అమర్చుకుంటూ పోవలసిన ఆ ఆటలో తక్కినవారు ఎండను నమ్ముకునో, పొరుగు కణాన్ని మింగో పొట్ట పోసుకుంటుండగా, ఇతడు నీటిలో తేలే ఇనుపరాయిని ఆనుకుని కూర్చుని, అటుగా వచ్చిన ప్రతి కణాన్నీ కబ్జాదారుగానే పరిగణిస్తాడు. ఇనుము నుంచి శక్తిని రాబట్టే కల్పిత కణాంగమైన ఫెర్రోప్లాస్టే ఇతని కులదైవం.

ఇతని ప్రధాన లక్షణం శాస్త్రనిష్ఠ. ఆటలో కణాలు ఈదే వేగం మొదలు విషం చిమ్మే తీరు వరకు ప్రతిదానికీ ప్రమాణం చూపమని నిలదీసే ఇతడు, ప్రకృతిలో ఎక్కడా కనబడని ఫెర్రోప్లాస్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎంతో ఉదారుడవుతాడు. ఆధారం అడిగినవారికి రస్టిసయనిన్‌ను చూపుతాడు. గనుల ఆమ్లజలాల్లో బతికే ఆసిడిథయోబాసిల్లస్ ఫెరోఆక్సిడాన్స్ అనే బ్యాక్టీరియా ఫెర్రస్ ఇనుమును ఫెర్రిక్ ఇనుముగా మార్చి, అందులో వెలువడే ఎలక్ట్రాన్లతో జీవయాత్ర సాగిస్తుంది. ఆ ఎలక్ట్రాన్లను మోసే ప్రోటీన్లలో రస్టిసయనిన్ ఒకటి. ఇంతవరకు ఇతని వాదన నిర్దుష్టమే. అయితే ఆ ప్రోటీనులో ఉన్న లోహం ఇనుము కాదు, రాగి అని ఎవరైనా గుర్తుచేస్తే, అది అప్రస్తుతమని తేల్చివేస్తాడు.

లాభనష్టాల లెక్క ఇతనికి మరింత అప్రస్తుతం. ఒక మోల్ గ్లూకోజు పూర్తిగా ఆక్సీకరణం చెందితే దాదాపు 2,870 కిలోజౌళ్ల శక్తి వెలువడుతుండగా, ఆమ్లజలంలో ఒక మోల్ ఫెర్రస్ ఇనుము వల్ల దక్కేది 30 కిలోజౌళ్ల చుట్టుపక్కల మాత్రమే. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే గాని, ఆ ఎలుక పూర్తిగా స్వార్జితమన్నది ఇతని అతిశయం. మైటోకాండ్రియా ఒకప్పుడు స్వతంత్ర బ్యాక్టీరియా అని, మరో కణంలో కాపురముండి కణాంగమైందని 1967లో లిన్ మార్గులిస్ ప్రతిపాదించినప్పుడు లోకం వెంటనే ఒప్పుకోలేదు గనుక, లోకం ఇంకా ఒప్పుకోని ఫెర్రోప్లాస్టు కూడా నిజమే కావలెనని ఇతని తర్కం. ఆ తర్కంతో ఏ వస్తువునైనా నిరూపించవచ్చు. ఇతడు పెద్దమనసుతో ఇనుము దగ్గరే ఆగుతాడు.

రక్తహీనతకు వైద్యుడు రాసిచ్చిన ఫెర్రస్ సల్ఫేటు మాత్రలు మాత్రం కంప్యూటరు పక్కన విప్పని అట్టలోనే పడి ఉంటాయి. మింగమని తల్లి పోరినప్పుడల్లా, మానవకణాల్లో ఫెర్రోప్లాస్టు లేనందువల్ల ఆ మాత్రలతో శక్తి రాదని, ఈ విషయంలో శాస్త్రం చాలా స్పష్టంగా ఉందని ఆమెకు ఓపికగా వివరిస్తాడు.