వరుడి వయసు తాళి కట్టాక చెబుతాం

ఆన్‌లైన్‌లో కొన్న తిండి సరుకు మన గుమ్మం చేరేసరికి దాని ఆయుష్షులో 30 శాతమో, లేదా 45 రోజులో మిగిలి ఉండాలని ఢిల్లీలోని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2024 నవంబరులో ఈ-కామర్స్ కంపెనీలకు సెలవిచ్చింది. కొరడా ఝళిపించారని వార్త. ఎంత వెతికినా నాకు కొరడా కనపడలేదు. ఒకాయన మాత్రం కళ్లముందు మెదిలాడు. చంకలో గొడుగు, భుజాన సంచీ, సంచీనిండా ఫొటోలు. పెళ్లిళ్ల పేరయ్య!

ఆన్‌లైన్ అంగడి అంటే అచ్చంగా ఆయనే. పిల్లను కన్నది ఆయన కాదు, పిల్లాణ్ణి పెంచిందీ ఆయన కాదు. ఇద్దర్నీ కలిపి కమిషన్ పుచ్చుకుంటాడు. ఫొటో ఎప్పుడు తీసిందండీ అంటే ‘చిత్రం సూచన కోసం మాత్రమే’ అంటాడు. అబ్బాయిది ఏ నక్షత్రం అంటే ‘4.3’ అంటాడు. జాతకానికి ఒక నక్షత్రమే కదయ్యా ఉండేది అంటే, మా దగ్గర అయిదు దాకా ఉంటాయి బాబూ అని నవ్వుతాడు.

‘అంతా బాగుంది గానీ పేరయ్యగారూ, అబ్బాయి పుట్టినతేదీ?’

‘తాళి కట్టాక చూసుకోండి బాబూ, వీపుమీద రాసే ఉంటుంది.’

కిరాణాకొట్టులో పెళ్లిచూపులు సక్రమంగా జరిగేవి. మా అమ్మ ముందువరసలో ఉన్న బిస్కెట్ ప్యాకెట్ చచ్చినా తీసుకోదు. కొట్టాయన ‘అన్నీ ఒకటేనమ్మా’ అంటున్నా వినకుండా చెయ్యి వెనక్కి పోనిచ్చి, గోడకి ఆనుకుని ఉన్నదాన్ని లాగుతుంది. కళ్లజోడు నుదుటిమీదికి తోసి, ప్యాకెట్ వెలుతురులో పెట్టి, అతుకు దగ్గర ముదురు రంగుమీద నల్లచుక్కలతో కొట్టిన తేదీ పట్టుకుంటుంది. ‘ప్యాక్ చేసిన నాటి నుంచి 6 నెలలు’ అని ఒక మూల ఉంటే, ప్యాక్ చేసిన నాడు ఏదో ఇంకో మూల ఉంటుంది. వేళ్లమీద నెలలు లెక్కేసుకున్నాకే సంబంధం ఖాయం. యాప్‌లో అమ్మకి ఆ వేళ్లతో పనేముంది? బొటనవేలొక్కటి చాలు, డబ్బు కట్టడానికి.

సరే, ఆ ఢిల్లీ సంస్థ చెప్పిన నిబంధన ప్రకారమే వరుణ్ణి చూద్దాం. నిండు ఆయుష్షు 70 ఏళ్లనుకుంటే 30 శాతమంటే 21. అంటే 49 ఏళ్లు నిండేదాకా వరుడు తాజాగానే ఉన్నట్టు లెక్క. అక్కడైనా ఆగారా? ‘లేదా 45 రోజులు’ అన్నారు. రెంట్లో ఏది ఎక్కువైతే అదనలేదు, ఏది తక్కువైతే అదనలేదు. ఆ ‘లేదా’ని పేరయ్య సంచీలో పడేసి పోయారు. ఏడాది బతికే బిస్కెట్‌కి 30 శాతమంటే మూడున్నర నెలల పైమాట. 45 రోజులంటే అందులో సగం కూడా కాదు. పేరయ్య ఏది ఎంచుకుంటాడో చెప్పడానికి జ్యోతిష్యం రానక్కర్లేదు. కాటికి కాళ్లు చాపుకున్న వరుడైనా సరే, నెలా పదిహేను రోజులు ఊపిరి బిగబడతానని మాటిస్తే చాలు, పీటలమీద కూచోబెట్టొచ్చు. కన్యాశుల్కం నాటకం తొలిసారి ఆడిన 1892 నాటికే ఈ నిబంధన ఉండి ఉంటే గురజాడవారికి అంత శ్రమ తప్పేది. ముసలి వరుడు లుబ్ధావధాన్లుగారికి ఇంకా 45 రోజులున్నాయని రామప్ప పంతులు ఒక్క కాగితం పుట్టిస్తే, సౌజన్యారావు పంతులుగారు కూడా నోరెత్తే వీల్లేదు.

పేరయ్య హడావుడి చూడాలి. ‘ఈ సంబంధం మీద 60 శాతం తగ్గింపు బాబూ!’ కట్నం వద్దు, ఖర్చులన్నీ మావే, రేపే ముహూర్తం అని మగపెళ్లివారు తొందరపెడితే మన పెద్దవాళ్లు ఏం చేసేవారు? ఆ ఊరికి మనిషిని పంపి ఆరా తీసేవారు. ఇక్కడ ఆరాకి వ్యవధేదీ? ‘ఇంకా రెండే మిగిలాయి’ అని ఎర్రక్షరాలు మెరుస్తుంటాయి. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నచోట వరుడితోపాటు వరుడి పెదనాన్న కూడా బండి దిగుతాడు.

పది నిమిషాల్లో వచ్చాడు కాబట్టి కుర్రాడే అయ్యుంటాడని మనం మురిసిపోతాం. నెలల తరబడి గోడౌన్లో పడుకుని, చివరి రెండు కిలోమీటర్లు మాత్రమే పరిగెత్తాడని తోచదు. నిజానికి పరిగెత్తింది కూడా వాడు కాదు, బైకుమీద ఉన్న పిల్లాడు. మన తిట్లు తినేదీ ఆ పిల్లాడే. ఇక వరుడు దిగిన విడిది సంగతంటారా, 2024 జూన్‌లో మేడ్చల్ జిల్లా దేవరయాంజాల్‌లో ఒక పేరుమోసిన యాప్ గోడౌన్‌లోకి తెలంగాణ ఆహార భద్రతాధికారులు వెళ్లి చూశారు. అరలనిండా దుమ్ము. తిండి సరుకు పక్కనే సౌందర్య సాధనాలు. పురుగు పట్టిందన్న అనుమానంతో రాగిపిండి, కందిపప్పు పట్టుకుపోయారు.

మొన్న మా ఇంటికి గడువుకు వారం మిగిలిన సేమ్యా వచ్చింది. ఫిర్యాదు చేస్తే, మేం కొనేవారికీ అమ్మేవారికీ మధ్య వేదిక మాత్రమే, తిండి వస్తువులు వాపసు తీసుకోం అన్నారు. విడాకులు లేవన్నమాట. ఓదార్పుగా యాభై రూపాయల కూపన్ పంపారు. దానికి 24 గంటల గడువు. గంటలు, నిమిషాలు, సెకన్లు తెరమీద తరిగిపోతూ కనిపిస్తున్నాయి.

కూపన్ ఎప్పుడు చస్తుందో సెకన్లతో సహా చెప్పగలిగినవాళ్లకి సేమ్యా ఎప్పుడు చస్తుందో తెలియదా? పేరయ్యని ఇక ఇంటికి పంపేద్దాం, పాపం ఆయనకైనా అప్పుడప్పుడూ సిగ్గేసేది. పెద్ద గోడౌన్లలో సరుకు దిగేటప్పుడే గడువు తేదీ కంప్యూటర్లోకి ఎక్కుతుంది. ముందు గడువు తీరేది ముందు బయటికి పంపడం ఆ పనిలో ఓనమాలు. దేనిమీద ఎప్పుడు ఎంత తగ్గించి వదిలించుకోవాలో తేల్చేదీ ఆ తేదీయే. అమ్మేవాడి తెరమీద ఉన్న అంకె కొనేవాడి తెరమీద ఉండదు, అంతే. కనపడితే పాతది ఎవడూ కొనడు.

ఇది కంపెనీల పాపం ఒక్కటే కూడా కాదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు అమ్మే వస్తువు గడువు తేదీ తెలపాలంటాయి. ప్యాకేజీ సరుకుల తూనికలు కొలతల నిబంధనలేమో, వివరాలన్నీ తెరమీద చూపమంటూనే తయారైన లేదా ప్యాక్ చేసిన నెలనీ సంవత్సరాన్నీ మినహాయించాయి. రెండూ కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ పుస్తకాలే! ఇక 2024లో కొత్తగా చెప్పినట్టు చెప్పిన 30 శాతం, 45 రోజులు ఆ ఆహార భద్రతా సంస్థే 2017లోనే ఈ-కామర్స్ మార్గదర్శకాల్లో రాసుకుంది. ఏడేళ్లు అటకమీద ఉంచి, దుమ్ము దులిపి, మళ్లీ చదివింది.

డాలస్‌లో ఉన్న కూతురు పనిమధ్యలో ఫోన్ తీసి విజయవాడలో ఉన్న తల్లిదండ్రులకి సరుకులు పంపిస్తుంది. అక్కడి నుంచి ఆమెకి తేదీ చూసే దారి లేదు. ఇక్కడ ఆ పెద్దాయనకి చుక్కల తేదీ చదివే చూపు లేదు. తిన్నాక కడుపు చెప్పాల్సిందే. ఆ ఇంట్లో ఎవరైనా ఆస్పత్రి పాలైతే అప్పుడు వేదికలెవరో, విక్రేతలెవరో, మధ్యవర్తులెవరో కోర్టులో తేలేసరికి ఎన్నేళ్లు పడుతుందో ఈ నిబంధనలు రాసినవాళ్లకి తెలుసు. కొనుగోలు బటన్ పక్కన గడువు తేదీ వెయ్యండి, వెయ్యకపోతే అమ్మకం ఆపేస్తాం అని ఒక్క వాక్యం రాయడానికి మీకు చెయ్యి రాదు. ఎవరి జేబు కాస్తున్నారయ్యా మీరు?