చేప దవడకు చప్పట్లు

ర్యాంపు మీద లైట్లు వెలిగీ వెలగకముందే వ్యాఖ్యాత నోట చేప ఊడిపడుతుంది. బహుళ సంస్కృతుల డిజైనర్లకు పట్టం కడుతున్నామని చెప్పుకునే షోలో శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు కనబడిందా, ఇక అంతే సంగతులు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారట, ఆ సన్నటి పళ్లకు నలుసు కూడా తప్పించుకోలేదట! ముందు వరుస అబ్బురపడి ఫోన్లు ఎత్తుతుంది. ఆఫ్రికా రంగులు, జపాను మడతలు, మన కొండపత్తి అన్నీ ఒకే వేదిక మీద కలిశాయని ముగింపు. డిజైనరు చివర్లో వచ్చి దండం పెడతారు, ఆయన పేరు తెర నిండా పడుతుంది. చేపకు కూడా పరిచయం దక్కింది. ఆ దవడ పట్టుకున్న ఆడమనిషికి మాత్రం దక్కలేదు.

ఈ చేప మోజు గురించి ఇంకాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే బండారమంతా దానిలోనే ఉంది. పొందూరు పనిలో దవడ మొదటి మెట్టు మాత్రమే. గింజ పత్తిని చిన్న కుచ్చుగా ఓ చేత్తో పట్టుకుని, రెండో చేత్తో దవడతో దువ్వుతూ పోగుల్ని ఒక వరసకు తేవాలి. ఆ తర్వాత చెక్క మీద ఇనుప కడ్డీ దొర్లించి గింజ విడదీయాలి, విల్లుతో ఏకాలి, ఏకులు చుట్టాలి, అవి మాయకుండా అరటి దొప్పలో పెట్టుకోవాలి. అప్పుడు కదా రాట్నం ముందు కూర్చునేది! 100 కౌంటు దాటిన నూలు తెగకుండా రావాలంటే ఏకు పట్టుకున్న వేళ్లకు, చక్రం తిప్పే చేతికి లంకె తప్పకూడదు. ఇంత పనుండగా ర్యాంపు కథ దవడ దగ్గరే ఎందుకు ఆగిపోతుంది? చేప మజూరీ అడగదు కనుక. చిలప నూలుకు ఎంతిస్తున్నారని నిలదీయదు, కళ్లు మసకబారాయనదు, నా కూతురు ఈ పనికి రానంటోందని చెప్పదు. చచ్చిన చేపతో ఎవరికీ పేచీ లేదు.

డిజైనర్లు లేకపోతే ఈ గుడ్డను కొనేదెవరు, మార్కెట్టు తెచ్చింది వాళ్లే కదా అంటారు. కొంత నిజమే. శ్రీకాకుళం నేతగాళ్ల చేత జాందానీ నేతలో రవివర్మ బొమ్మలు నేయించిన గౌరాంగ్ షా లాంటి డిజైనర్లు మగ్గానికి పని చూపించారు, కాదనను. కానీ పొందూరుకు వచ్చిన కరువు కొనేవాళ్ల కరువు కాదు, వడికేవాళ్ల కరువు. రాట్నం ముందున్న చేతులు ముసలివవుతున్నాయి, వాటి చోటికి కొత్త చేతులు రావడం లేదు. రోజంతా వడికినా ఇల్లు గడవని పనికి పడుచుపిల్ల రమ్మంటే ఎందుకొస్తుంది? నూలే లేనప్పుడు గిరాకీ పెంచితే లాభపడేది మిల్లు నూలుకు పొందూరు పేరు తగిలించి అమ్మేవాడే. గాంధీ తన కొడుకు దేవదాసును ఇక్కడికి పంపింది చప్పట్లు కొట్టి రమ్మని కాదు, పని ఎలా సాగుతుందో చూసి రమ్మని. 1949లో ఇక్కడ ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం పెట్టుకున్నవాళ్లు ఆ పేరులో కార్మికుల్ని వదల్లేదు. వదిలేసింది మనం.

పేర్లు చెప్పడం ఫ్యాషన్ షో పనా అని ఇంకో వాదన. రెండున్నర గంటల తెలుగు సినిమా లైట్‌మెన్ పేర్లు కూడా తెర మీద వేస్తుంది, ఇరవై నిమిషాల ర్యాంపుకు తీరిక లేదా? 2025 జూన్‌లో ప్రాడా మిలాన్‌లో కొల్హాపురీ చెప్పులు నడిపించి కొల్హాపూర్ పేరెత్తకపోతే మనవాళ్లు ఎంత గగ్గోలు పెట్టారు! పెట్టాల్సిందే. ఆ ఇటలీ కంపెనీ చివరికి అవి భారతీయ చేతిపని నుంచి వచ్చినవేనని ఒప్పుకుంది. మన ర్యాంపులు ఊరి పేరు చెప్పి మనుషుల్ని మింగేస్తాయి, అదొక్కటే తేడా. ఆ ప్రాడా గొడవకు నెల ముందే ప్రపంచ సుందరి పోటీదారుల్ని భూదాన్ పోచంపల్లి మగ్గాల దగ్గర కూర్చోబెట్టి ఫొటోలు తీశారు. ఏ సుందరిది ఏ దేశమో అందరికీ తెలిసింది, ఏ మగ్గం ఎవరిదో తెలియలేదు.  

నాకు ఒళ్లు మండేది ఆ ‘బహుళ సంస్కృతులు’ అన్న మాట దగ్గర. శ్రీకాకుళం యాస తెలుగు సినిమాలో నవ్వించడానికి పనికొస్తుంది, పనిమనిషికీ వాచ్‌మన్‌కీ అతికిస్తారు. అదే శ్రీకాకుళం నూలు మాత్రం ర్యాంపు ఎక్కగానే వారసత్వ సంపద! గుడ్డకిచ్చిన మర్యాద దాన్ని వడికినామె మాటకు ఇవ్వలేనివాళ్లు సంస్కృతుల సంగమం గురించి ఇంగ్లీషులో ప్రసంగిస్తారు. అక్కడ కలిసిందల్లా నాలుగు దేశాల డబ్బున్నవాళ్లు. సంగమమట, సంగమం! పొందూరు నుంచి ఒక్క మనిషిని తెచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టడం కూడా చేతకాలేదు.

వేదికెక్కించి శాలువా కప్పితే సరిపోతుందని నిర్వాహకులు అనుకోవచ్చు. శాలువా వద్దు. చీరకు కట్టే ట్యాగుకు రెండు వైపులున్నాయి. ఒకవైపు ధర వేస్తున్నారు. రెండోవైపు ఆ చీరకు ఎన్ని చిలపలు పట్టాయో, చిలపకు వడికినామెకు ఎంత ముట్టిందో, నేసినవాడికి ఎంత ముట్టిందో వేయండి. డిజైనరు పేరు ఎంత పెద్ద అక్షరాల్లో కావాలంటే అంత పెద్ద అక్షరాల్లో వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.