లోపలికి ఒక్క నొక్కు, బయటికి ఆరు

మన ఆన్‌లైన్ అంగళ్లవాళ్లకు పని చేతకాదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. కొత్తిమీర కట్ట పది నిమిషాల్లో గుమ్మంలో పెడతారు. జోరువానలోనూ పెడతారు. ఆ కట్ట కుళ్లిపోయి వచ్చింది, డబ్బు వెనక్కివ్వండంటే మాత్రం ఐదు నుంచి ఏడు పనిదినాలు. పోయేటప్పుడు పరుగెత్తిన రూపాయికి వచ్చేటప్పుడు కాళ్లు పడిపోతాయి కాబోలు.

ఈ విద్యకు 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే బ్రిటిష్ డిజైనర్ 'డార్క్ ప్యాటర్న్' అని పేరు పెట్టారు. తెర మీద బొత్తాలూ రంగులూ మాటలూ ఎలా అమరిస్తే మనిషి అక్కర్లేనిది కొంటాడో, వద్దనుకున్నది వదిలించుకోలేడో చెప్పే శాస్త్రమిది. తర్వాత ఆయనే 'డార్క్' తీసేసి 'మోసపూరిత' అనే మాట పెట్టుకున్నారు. నలుపు పరువు దక్కింది, సంతోషం. మన కేంద్ర ప్రభుత్వం మాత్రం 2023 నవంబరు 30న మార్గదర్శకాలు తెచ్చినప్పుడు పాత పేరే ఉంచి, 13 రకాలు లెక్కగట్టింది. అరవై నాలుగు కళల పక్కన వీటినీ చేర్చుకోవచ్చు.

పదమూడింటిలో నాకు ముచ్చటైనది సిగ్గుపరిచే కళ. విమానం టికెట్టుతో పాటు బీమా అంటగడతారు. కాదనబోతే బొత్తం మీద 'వద్దు' అని ఉండదు, 'నా ప్రయాణానికి భద్రత లేకపోయినా ఫర్వాలేదు' అని ఉంటుంది. పెళ్లి విందులో బూరె వద్దంటే 'మా ఇంటి బూరె మీకెందుకు ఆనుతుంది లెండి' అనే మేనత్త ఒకావిడ ఉంటుందే, ఆవిణ్ణి జీతమిచ్చి పెట్టుకున్నట్టుంది వ్యవహారం. ఆవిడైనా రెండో బూరెతో ఆగుతుంది. బూరెకు డబ్బూ తీసుకోదు.

తిరుపతిలో గది వెతికితే ఒక్కటే మిగిలిందంటారు. మర్నాడు చూసినా ఆ ఒక్కటీ అలాగే ఉంటుంది. పాపం, దాన్నెవరూ తీసుకోరు. సినిమా టికెట్టుకైతే మొదట ఒక ధర, డబ్బు కట్టే వేళకు ఇంకో ధర. తేడా పేరు 'కన్వీనియెన్స్ ఫీజు'. బుకింగ్ కిటికీలో గుమాస్తా అక్కర్లేదు, చింపి ఇవ్వడానికి టికెట్టు కాగితమూ అక్కర్లేదు. సౌకర్యం వాళ్లది, ఫీజు మనది.

అమెరికాలో ఈ కళ ఇతిహాసమే అయింది. అమెజాన్ ప్రైమ్ సభ్యత్వం వదులుకునే తతంగానికి కంపెనీ లోపల పెట్టుకున్న పేరు 'ఇలియడ్' అని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో కోర్టుకెక్కి చెప్పింది. 4 పేజీలు, 6 క్లిక్కులు, 15 ఆప్షన్లు. ఇలియడ్ కర్త హోమర్‌ను తలుచుకున్నారంటే సాహిత్యాభిమానులే. అమెజాన్ కొలువున్న సియాటిల్ నిండా మనవాళ్లున్నారు కదా, వాళ్లనడిగి ఉంటే భారతం పేరు పెట్టించి పద్దెనిమిది పర్వాలూ నడిపించేవారు. చివరికి 2025 సెప్టెంబరులో, తప్పు చేశామని ఒప్పుకోకుండానే, 250 కోట్ల డాలర్లకు రాజీపడ్డారు. అందులో 150 కోట్లు సభ్యులకు వాపసు. స్వర్గారోహణం ఖరీదైన పర్వమే.

'మేమెవర్నీ బలవంతపెట్టలేదు, నొక్కింది మీరే' అన్నది కంపెనీల వాదన. నిజమే. 'సరే' అన్నది పచ్చగా అరచేయంత ఉంటుంది, 'వద్దు' తెల్లటి తెర మీద బూడిదరంగులో చీమ తలకాయంత. కళ్లజోడు మార్చుకోవాల్సిన పెద్దాయన తడుముకుంటూ పచ్చదాన్ని నొక్కితే అదీ ఆయన స్వేచ్ఛే! మరీ గట్టిగా నిలదీస్తే డిజైన్‌లో పొరపాటంటారు. అదే నాకు అర్థం కాదు. పొరపాటున ఒక్క యాప్ అయినా మన బుట్టలోంచి ఒక వస్తువు తీసేసి బిల్లు తగ్గించిందా? పొరపాటున ఎవరి సభ్యత్వమైనా దానంతటదే రద్దయి డబ్బు తిరిగొచ్చిందా? పొరపాట్లన్నీ ఒకే గల్లాపెట్టెలో పడుతుంటే వాటిని పొరపాట్లనడం పొరపాట్లకే అవమానం.

మన అధికారులు ఊరుకోలేదు లెండి. ఎవరి తెరను వాళ్లే తనిఖీ చేసుకుని మూడు నెలల్లో సరిచేసుకోండని 2025 జూన్‌లో ఆన్‌లైన్ అంగళ్ల సంస్థలన్నిటికీ చెప్పారు. నవంబరుకల్లా 26 సంస్థలు మా దగ్గర డార్క్ ప్యాటర్న్‌లు లేవని తమకు తామే రాసిచ్చాయి. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకునే రోజులు పోయాయి. ఇప్పుడు భుజాలు శుభ్రంగా దులుపుకుని, ఫొటో తీసి, వాళ్లే పంపిస్తున్నారు.

పోలీసు శాఖ కూడా ఈ పద్ధతి పరిశీలించాలి. దొంగతనం జరిగిన వీధిలో ఇంటింటికీ ఒక ఫారం పంచి, మూడు నెలల్లో నింపి పంపమంటే సరి. 'నేను దొంగను కాను' అన్న గడిలో ముందే టిక్కు పెట్టి ఇస్తే మరీ సుఖం. ఆ సుఖానికి కన్వీనియెన్స్ ఫీజు కూడా వసూలు చేసుకోవచ్చు.