రెండు వందల జరిమానాకి దండం

మహారాజశ్రీ కేంద్ర న్యాయశాఖామాత్యుల వారి సముఖానికి,

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల నుంచి, తపాలా బిళ్ళలు పోగేసుకునే ఒక సామాన్యుడు నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

అయ్యా, ముందుగా తమరికి అభినందనలు. ఈ దేశంలో ధర పెరగనిది ఏదైనా ఉందా అని ఇన్నాళ్ళూ వెతుకుతున్నాం. దొరికింది. దొంగ తపాలా బిళ్ళ తయారుచేసినా, దొంగదని తెలిసి అమ్మినా వేసే జరిమానా అది. 1895లో శిక్షాస్మృతిలోకి 263ఏ సెక్షన్ చేర్చినప్పుడు రెండు వందల రూపాయలు మించకూడదన్నారు. అప్పటికి కన్యాశుల్కం పుస్తకంగా అచ్చు కూడా కాలేదు. తరవాత తెల్లవాడు వెళ్ళిపోయాడు. అణాలు పోయి నయాపైసలొచ్చాయి, అవీ పోయాయి. 2024 జూలై 1న శిక్షాస్మృతే పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సెక్షన్ నంబరు 186 అయింది. రెండు వందలు మాత్రం చెక్కు చెదరలేదు. గిరీశం చేతిలో స్మార్ట్‌ఫోను లేని రోజుల్లో అది బాగానే సరిపోయి ఉంటుంది.

ఇక్కడి పరిస్థితి మనవి చేసుకుంటాను. మా ఊళ్ళో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది. అందులో చదివే కుర్రాడొకడు ఓ రాత్రి ఆయాసపడుతూ వచ్చి, ఆన్‌లైన్ వేలం నడుస్తున్న ఫోను నా ముక్కు దగ్గర పెట్టాడు.

"మేస్టారూ, బేగి చూడండి, పాట అయిపోతాది. గాంధీగారి పది రూపాయల బిళ్ళ. మీద సర్వీస్ అని అచ్చుంది. మూడు వేల రెండొందల కాడుంది. పాడీమంటారా?"

తమరికి తెలియనిది కాదు గానీ, పాఠకుల కోసం చెబుతాను. 1948 ఆగస్టు 15న గాంధీగారి బిళ్ళలు నాలుగు విడుదలయ్యాయి: అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండణాలు, పది రూపాయలు. ఖద్దరు కట్టిన మహాత్ముణ్ణి స్విట్జర్లాండులో అచ్చు వేయించారు, అది వేరే కథ. గవర్నర్ జనరల్ కార్యాలయం వాడకానికి వాటిలో కొన్నింటి మీద 'సర్వీస్' అని పైముద్ర వేశారు. పది రూపాయల రకంలో అలాంటివి వందే. నాలుగు కలిసి ఉన్న పట్టీ ఒకటి 2017లో ఐదు లక్షల పౌండ్లకి అమ్ముడుపోయింది. అదే సరుకు మా కుర్రాడి ఫోనులో మూడు వేల రెండు వందలకి పలుకుతోంది.

బొమ్మ పెద్దది చేసి చూశాను. పోస్టాఫీసు వాళ్ళు కొట్టిన గుండ్రటి ముద్ర నల్లగా ఉంది. ఆ గీత మీదకెక్కి 'సర్వీస్' అక్షరాలు కూర్చున్నాయి. పైముద్ర ముందు పడాలి, ఆ తరవాత కదా బిళ్ళ ఉత్తరం మీద అంటించి తపాలా ముద్ర కొట్టేది! ఇక్కడ ఉత్తరం బట్వాడా అయ్యాక, ఎన్నో ఏళ్ళకి, ఎవరో తీరిగ్గా అచ్చు కొట్టుకున్నారు.

"సర్టిఫికెట్ కూడా ఉందండి మేస్టారూ."

ఉంది. కాకపోతే సర్టిఫికెట్‌లోని ఫోటోలో ఎడమవైపు కింది మూల పన్ను విరిగి ఉంది. అమ్మకానికి పెట్టిన బిళ్ళకి పళ్ళన్నీ ఉన్నాయి.

బుడుమూరు సంతలో ఎద్దుని కొనేవాడు నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. ఈ సంతలో ముందువైపు ఫోటో ఒక్కటే పెడతారు. అసలు గుట్టంతా వెనకవైపే ఉంటుంది: కాగితం పల్చబడిన చోటు, చిరుగుకి వేసిన అతుకు, కొత్తగా పూసిన జిగురు. మామూలుగా జిగురు పూసిన కాగితానికే తరవాత చిల్లులు కొడతారు. అందుకే అసలు బిళ్ళ పళ్ళ చివర నూగు మెత్తగా తగులుతుంది. తరవాతెప్పుడో పూసినదైతే ఆ నూగుకి జిగురు పట్టి, వేలికి గరుగ్గా గుచ్చుకుంటుంది. వేలితో చూసేదాన్ని ఫోనులో ఎలా చూడమంటారు?

పైగా మనకి ఎదురు పాడేది ఎవరో తెలీదు. పేరు ఉండాల్సిన చోట రెండక్షరాలూ నాలుగు చుక్కలూ ఉంటాయి. అమ్మేవాడి బావమరిదైనా కావచ్చు. పాట మనకే ఖాయమయ్యాక కొన్నిచోట్ల కమిషనొకటి, దాని మీద జీఎస్టీ, పంపించే ఖర్చు. సరుకు తేడాగా ఉందంటే 'ఉన్నది ఉన్నట్టుగా అమ్మబడును' అన్న చిన్నక్షరాల వాక్యం చూపిస్తారు. వేలం నడిపేవాళ్ళనడిగితే, తాము వేదిక మాత్రమేనంటారు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. అందినట్టు చెప్పడంలో ఎవరూ ఆలస్యం చెయ్యరు.

మోసానికి 318వ సెక్షన్ వేరే ఉందని తమరు అనవచ్చు. ఉంది. కానీ అమ్మినవాడు తెలిసే చేశాడని తేలాలి. అమ్మేవాళ్ళందరూ అప్పుడే పుట్టిన పసిపాపలు. "మా తాతగారి ట్రంకుపెట్టెలో దొరికాయండి, నాకేం తెలీదు" అని రాస్తారు. ఆ తాతగారి పెట్టెలోంచి నెలకో నలభై పుట్టుకొస్తూనే ఉంటాయి.

తమ 186లో ఇంకో సొగసుంది. సరైన కారణం లేకుండా దొంగ బిళ్ళ దగ్గర ఉంచుకున్నవాడికీ అదే జరిమానా. అంటే చేసినవాడూ, అమ్మినవాడూ, కొన్నది దొంగదని తెలిశాక కూడా ఆల్బంలో దాచుకున్నవాడూ ఒకే గాట కట్టబడి ఉన్నారు. సమానత్వమంటే ఇదేనేమో.

ఇదే సర్కారు 2017 నుంచి దీన్‌దయాళ్ స్పర్శ్ యోజన కింద, ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివే పిల్లల్లో ఎంపికైనవారికి బిళ్ళలు సేకరించమని ఏడాదికి 6,000 రూపాయలిస్తోంది. సంతోషం. ఆ 6,000 కాజేసిన దొంగకి మాత్రం 186వ సెక్షన్ కింద జరిమానా అందులో ముప్పయ్యో వంతు. ఇంత లాభసాటి పద్దు మా జిల్లాలో జీడిపప్పు వ్యాపారానికి కూడా లేదు.

కాబట్టి అయ్యా, ఆ జరిమానా పాట పలికిన ధరకి పదింతలు చెయ్యండి. లేదా వేలానికి పెట్టే ప్రతి బిళ్ళకీ వెనకవైపు ఫోటో తప్పనిసరి చేసి, నిపుణుల మాట వచ్చేదాకా డబ్బు అమ్మేవాడి ఖాతాలో పడకుండా చూడండి. ఆ కుర్రాడికి నేను వద్దని చెప్పాను, వాడు విన్నాడు. అలాగని తాతగారి పెట్టెకి కొనేవాళ్ళు దొరకరని కాదు. ఆ బిళ్ళ ఆ రాత్రే నాలుగు వేల ఒక వందకి పోయింది.

ఇవేవీ కుదరవంటే, కనీసం ఆ సెక్షన్ గౌరవార్థం ఒక స్మారక బిళ్ళ విడుదల చేయించండి. ముఖవిలువ రెండు వందలు ఉండాలి. పట్టుబడ్డవాళ్ళు జరిమానా ఆ బిళ్ళతోనే కట్టే వెసులుబాటు కూడా ఇప్పించండి. వాళ్ళు కట్టింది అసలుదో దొంగదో తేల్చుకునే పని మాత్రం మీ గుమస్తాగారిది.

ఇట్లు,
తమ విధేయుడు,
భూతద్దం ఒకటి, పట్టకారు ఒకటి గల పౌరుడు,
ఎచ్చెర్ల.