చెట్టు తిప్పు, కొలువు పట్టు

సాఫ్ట్‌వేర్ కొలువులో పనేమిటి? ఎవరో ఏళ్ల కిందట రాసి వెళ్లిపోయిన కోడ్ చదివి, తప్పెక్కడుందో పట్టుకుని, మిగతాది కూలకుండా సరిచేయడం. మరి పరీక్షేమిటి? ముప్పావుగంటలో బైనరీ ట్రీ అనే, కొమ్మలుగా చీలే డేటా చెట్టును తిరగేయడం. మాక్ వాడే ఇంజినీర్లకు హోంబ్రూ అనే పనిముట్టు చేసిచ్చిన మాక్స్ హోవెల్, ఆ చెట్టు తిప్పలేకపోయినందుకే గూగుల్ తనను వద్దందని 2015లో ట్విటర్‌లో వాపోయాడు. పనిముట్టు ముద్దు, చేసినవాడు వద్దు! 2020లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 48 మంది విద్యార్థులతో ఇలాంటి పరీక్షే పెట్టి చూశారు. ఒంటరిగా రాసినవాళ్లతో పోలిస్తే, ఎదురుగా మనిషి కూర్చుని చూస్తుండగా రాసినవాళ్ల ఫలితం సగానికి పైగా పడిపోయింది. అంటే కొలిచింది బుర్రనా, బెదురునా?

లక్షల దరఖాస్తులొస్తే జల్లెడ ఉండొద్దా, పేరులేని కాలేజీ కుర్రాడికీ ఇది సమాన అవకాశమే కదా అంటారు. నిజమే, సిఫార్సు ఉత్తరం కన్నా చిక్కు లెక్క నయం. కానీ లీట్‌కోడ్ అనే సాధన సైట్‌లోని లెక్కలు వందలకొద్దీ వల్లె వేసే తీరిక రాత్రి షిఫ్టు చేసేవాడికీ, పసిబిడ్డ తల్లికీ ఎక్కడిది? ఎంసెట్ బట్టీ దాటొచ్చామనుకున్న పిల్లలకు మళ్లీ అదే బట్టీ. పైగా ఆ లెక్కల్ని ఇప్పుడు ఏఐ క్షణాల్లో విప్పేస్తోంది. జల్లెడే కావాలంటే సంస్థ తన కోడ్‌లోంచే ఒక చెడిన ముక్క ఇచ్చి, ఇంటర్నెట్ కూడా చూసుకోనిచ్చి, బాగుచేయమనొచ్చు. దానికి కోచింగ్ పెట్టడం అమీర్‌పేటకైనా కష్టమే.