దేవుడికి డేట్లు సర్దడం ఎలా?

కృష్ణానగర్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా మన విశ్వాసులు ఎవరు కలిసినా ఒకటే మాట: ‘అన్నా, షూటింగులతో ఊపిరాడట్లేదు. రోజువారీ జీవితంలో ఆరాధనకి మొదటి స్థానం ఇవ్వడం ఎలా?’ ఇరవై ఏళ్లుగా ఆర్టిస్టుల డేట్లు చూస్తున్న మేనేజర్ని. దేవుడికి సర్దలేనా? చెబుతాను, రాసుకోండి.

మొదటి స్థానం అనగానే కంగారుపడొద్దు. టైటిల్స్‌లో మొదటి స్థానం ఇస్తే చాలు. డేట్లు మాత్రం అందరికీ ఇచ్చాక మిగిలినవే. మనకి ఎటూ నెలలో రెండో ఆదివారమే సెలవు కాబట్టి, ప్రభువు దినం నెలకొకటే అనుకుంటే గొడవే లేదు. ఆ రోజూ ప్యాచ్‌వర్క్ పడిందా, వెళ్లిపోండి. వచ్చిన దాంట్లో పదో వంతు కానుక పెట్టెలో వేస్తే లెక్క సరి. 2025 ఆగస్టులో కార్మికులు 30 శాతం పెంపు అడిగి సమ్మెకి దిగితే రెండు వారాలకి పైగా షూటింగులు ఆగాయి. ఆ ఆదివారాలు నేను చర్చికి వెళ్లగలిగేవాణ్ణే, కానీ వెళ్లలేదు. ఏ నిమిషాన విరమిస్తారోనని ఫిల్మ్ చాంబర్ గేటు దగ్గరే ప్రార్థనాపూర్వకంగా నిలబడ్డాను. దేవుడు హృదయం చూస్తాడు గానీ లొకేషన్ చూడడు కదా.

కుటుంబ ప్రార్థన సంగతి. మా అమ్మ చీకటితోనే లేచి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసేది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది, మూలలు కొబ్బరినూనె వేళ్లకి నల్లబడ్డాయి. పురుషోత్తమ చౌదరి గారి కీర్తన అందుకుందంటే చరణాలన్నీ అయ్యేదాకా కాఫీ లేదు. అంత తీరిక మనకెక్కడిది? పల్లవి, చివరి చరణం ఉంచి మధ్యవి ఎడిటింగులో లేపేయండి.

బైబిలు జిప్పు కవరుతో సహా కారు డాష్‌బోర్డు మీద ఉండాలి. ఎండకి అట్ట వంగినా కదపొద్దు, అద్దంలోంచి కనిపించడం ముఖ్యం. చదవడానికి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు సిగ్నల్‌ని మించిన చోటు లేదు. ఫిలేమోను పత్రిక 25 వచనాలే, ఒక్క రెడ్ లైటుకి అయిపోతుంది. 42 అధ్యాయాల యోబు గ్రంథాన్ని వాన కురిసిన సాయంత్రానికి దాచుకోండి.

గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమని మత్తయి ఆరో అధ్యాయంలో ఉందని ఒక కుర్రాడు నాకే పాఠం చెప్పాడు. బాబూ, క్యారవాన్‌కి తలుపు ఉంది, కాదనను. పూర్తిగా మూస్తే నువ్వు మోకరించావని డైరెక్టర్‌కి ఎలా తెలుస్తుంది? జానెడు తీసి ఉంచు. ఆమెన్ అనగానే లైట్‌మేన్‌ని తిట్టొచ్చా అని ఇంకొకరు అడిగారు. ఆమెన్‌కి ముందు తిడితేనే తప్పు.

ఉపవాసం ఉండలేనివాళ్లకి భీమ్‌సింగ్ తీసిన ‘కరుణామయుడు’ ఉంది. 1978లో వచ్చింది. ఊరూరా తెరలు కట్టి మరీ చూపించారు. గుడ్‌ఫ్రైడే నాడు బిర్యానీ తిన్నాక విజయచందర్ సిలువ మోసే ఘట్టం పెట్టుకుని నాలుగు కన్నీటి బొట్లు రాలిస్తే ఉపవాసం కిందే జమ. అంతేగానీ ‘ఆనంద్’ హీరో రాజా గారిలా సినిమాలు మానేసి పాస్టరు అయిపోకండి. ఆయన మొదటి స్థానంతో ఆగకుండా మిగతావన్నీ కూడా ఇచ్చేశారు. మేనేజర్లు ఏం కావాలి?

చివరగా ఒక చెడ్డ ఉదాహరణ. మా యూనిట్‌లో కాస్ట్యూమ్స్ ఇస్త్రీ చేసే పెద్దాయన ఉన్నాడు. తెల్లారగట్ల అయిదింటికి కృష్ణానగర్‌లో బస్సెక్కి, వెనక సీట్లో బట్టల మూటలకి ఆనుకుని, కళ్లు మూసుకుని పెదాలు కదుపుతాడట. యూనిట్‌లో ఒక్కొక్కరి పేరూ తీస్తాడట, జ్వరం వచ్చిన జూనియర్ ఆర్టిస్టు మొదలుకుని నా దాకా. ఫొటో లేదు, స్టేటస్ లేదు, ఆదివారం లేచి సాక్ష్యం చెప్పుకునేదీ లేదు. ఇలాంటి ఆరాధన ఎవరి కంట్లో పడుతుంది చెప్పండి?

ఈ సంగతి నాకూ బస్సు డ్రైవరు చెబితేనే తెలిసింది. ఆ టైముకి నేనెప్పుడూ లేచి ఉండలేదు.