‘దిగంగనే ఫోన్ జెయ్యి’: టీకా తాత్పర్య సహితం

మూలం: పాస్‌పోర్ట్ వెట్టుకున్నవా, పచ్చడి సదిరినవా, పైసలు పైలం, దిగంగనే ఫోన్ జెయ్యి బిడ్డా.

అవతారిక: అబ్దుల్లాపూర్‌మెట్‌లో విదేశానికి బయల్దేరే కారు డిక్కీ మూసేటప్పుడు తల్లి పలికే వాక్యమిది. కారు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి శంషాబాద్ చేరేలోగా ప్రయాణికుడు దీన్ని మరిచిపోతాడు. కనుకనే వ్యాఖ్యానం. పకారాల అనుప్రాస వినపడుతూనే ఉంది. ఛందస్సు వెతికేలోగా డ్రైవర్ హారన్ కొడతాడు.

పాస్‌పోర్ట్ వెట్టుకున్నవా: గసడదవాదేశ సంధి. పకారం వకారమైంది. వ్యాకరణం ఒప్పుకున్నా విమాన సంస్థ ఒప్పుకోదు. టికెట్ మీద, వీసా మీద, పాస్‌పోర్టులో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. తెలుగువారికి ఇంటిపేరుతోనే పేచీ. మొత్తం పేరును ఇంటిపేరు గడిలోనే రాయించి రెండో గడి ఖాళీగా వదిలితే అమెరికా వీసా మీద ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది, పేరు తెలియదని దాని అర్థం. బియ్యంలో రాసి పెట్టిన పేరు అలా గల్లంతవుతుంది. పాస్‌పోర్టులో ఒంటిపేరే ఉన్నవారిని విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. గడువు కనీసం 6 నెలలు మిగిలి ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. ‘పెట్టుకొనుట’ అంటే చేతిసంచిలో అని; చెకిన్ సూట్‌కేసులో పెట్టడం అపార్థం.

పచ్చడి సదిరినవా: ఇక్కడ పచ్చడి ఉపలక్షణం. కారప్పొడి, సకినాలు, మందుబిళ్లలు అన్నీ ఇందులోకే వస్తాయి. ఆవకాయను మూత బిగించి, రెండు కవర్లు చుట్టి చెకిన్‌లో వేస్తే సరి. మటన్ పచ్చడి అమెరికా కస్టమ్స్ దాటదు. ఆస్ట్రేలియాలో తిండి వస్తువు ఏదైనా ఫారంలో రాసి చూపించాలి, దాస్తే జరిమానా. ఎండుకొబ్బరి నూనె గింజ, నిప్పంటుకునే సరుకు కింద లెక్క, చెకిన్‌లో కుదరదు.

శంక: మసాలా డబ్బాలో గుప్పెడు గసగసాలు ఉంటే ఏమిటి?

సమాధానం: మన వంటింట్లో అది కూరకు చిక్కదనం. యూఏఈ, సింగపూర్‌లలో నిషిద్ధ పదార్థం. జైలు దాకా పోవచ్చు. ట్రమడాల్, కోడీన్ ఉన్న మందులకూ గల్ఫ్‌లో ఇదే గతి, డాక్టర్ చీటీతో పాటు ముందస్తు అనుమతి కావాలి. పక్కింటివారు ‘మావాడికి ఇయ్యి’ అని కుట్టి ఇచ్చిన పొట్లాన్ని విప్పి చూడకుండా తీసుకెళ్లడం మొహమాటం కాదు, తెలివితక్కువతనం.

పైసలు పైలం: పైలం అంటే భద్రం. విజయవాడ రోడ్డు వెంట పోయేకొద్దీ ‘డబ్బులు జాగ్రత్త నాన్నా’ అనే పాఠాంతరం దొరుకుతుంది. మామూలు ప్రయాణానికి నోట్ల రూపంలో 3,000 డాలర్లకు మించి కొనకూడదు. మిగతాది కార్డులో ఉండాలి. ఉన్నదంతా ఒకే పర్సులో పెట్టేవారి గురించి వ్యాఖ్యాత ఏమీ అనడు.

దిగంగనే: దిగే చోటు నిజంగా ఉందనే నమ్మకం ఈ మాటలో దాగి ఉంది. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయాన్ని అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే వలగా నడిపారని 2019 జనవరిలో బయటపడింది. పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. పట్టుబడినవారిలో చాలామంది తెలుగు పిల్లలే. ప్రభుత్వ జాబితాలో ఆ పేరు ఉండేది కనుక జాబితా ఒక్కటే చాలదు. తరగతిలో కూర్చున్న సీనియర్‌ను వెతికి పట్టుకోవాలి. గల్ఫ్ కొలువుకైతే ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవాలి.

ఫోన్ జెయ్యి: చార్జింగ్ ఉంటేనే ఈ విధి చెల్లుతుంది. పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, చెకిన్‌లో నిషేధం. ఇంటి నంబరు, భారత కాన్సులేట్ నంబరు కాగితం మీద కూడా రాసుకోవాలి. ఆపదలో అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000.

బిడ్డా: సంబోధన. కొడుక్కూ కూతురికీ ఒకటే. వేసవిలో షికాగోలో మధ్యాహ్నం 2 గంటలకు దిగితే అబ్దుల్లాపూర్‌మెట్‌లో రాత్రి 12:30. ఆ వేళకూ మొదటి రింగుకే ఎత్తుతారు.